తూకం అతనిది, ఉప్పు ఆమెది

"నీ గెలాక్సీ బరువు తప్పు" అంది లిందెల్వా.

"బరువు సరిగానే ఉంది. నీ ఉప్పే తప్పు" అన్నాడు లుఖాన్యో.

అప్పటికి వాళ్ళిద్దరికీ పరిచయమై పావుగంట కూడా కాలేదు. వాళ్ళ రీసెర్చి గైడు ఫూరీ మేడం ఇద్దరినీ ఒకే గదిలో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చోబెట్టి, ఇకమీదట కలిసి పనిచేసుకోండని చెప్పి, పదకొండింటి టీకి వేళయిందని వెళ్ళిపోయింది. ఆవిడ తిరిగొచ్చేసరికి ఇద్దరూ చెరో గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఆవిడ చాలామంది విద్యార్థుల్ని చూసిన మనిషి కనుక ఏమీ అడగలేదు.

తగువు ఎందుకొచ్చిందో తెలియాలంటే వాళ్ళ పనేమిటో చెప్పాలి. కేప్‌టౌన్‌లోని ఆ పాత వేధశాలలో వాళ్ళు చేసేది ఒక్కటే. దూరపు గెలాక్సీలు ఎంత బరువున్నాయి, వాటిలో లోహాలు ఎంత పేరుకున్నాయి, ఈ రెంటికీ ఉన్న లంకె ఏమిటి అని కొలవడం. లోహాలంటే ఇనుమూ రాగీ అనుకునేరు. ఖగోళం వాళ్ళ లెక్కే వేరు. హైడ్రోజన్, హీలియం తప్ప మిగతావన్నీ వాళ్ళకు లోహాలే, మనం పీల్చే ఆక్సిజన్‌తో సహా. ఈ మాట ఇంట్లో చెబితే పిన్నులంతా పడీపడీ నవ్వారు. అప్పట్నుంచి లిందెల్వా లోహం అనడం మానేసి ఉప్పు అనడం మొదలుపెట్టింది. నక్షత్రాలు తమ కడుపులో వండి, చివరికి పేలిపోతూ చల్లిపోయే ఉప్పు అది. బరువైన గెలాక్సీ దాన్ని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుకుంటుంది. తేలికైన దానికి అంత పట్టు ఉండదు. పేలుడు జరిగినప్పుడల్లా మూత ఎగిరిపోయి సగం ఉప్పు బయటపడుతుంది. అందుకని బరువు పెరిగేకొద్దీ ఉప్పూ పెరుగుతుంది.

లుఖాన్యోది తూకం. గెలాక్సీ రంగులూ మెరుపూ చూసి ఎంత బరువో చెబుతాడు. లిందెల్వాది రుచి. గెలాక్సీ వెలుగును గీతలుగా విడగొట్టి, ఆక్సిజన్ గీతల్ని బట్టి ఉప్పు ఎంతో చెబుతుంది. గ్రాఫు మీద అడ్డం కొలత అతనిది, నిలువు కొలత ఆమెది. ఇద్దరూ సరేనంటేనే అక్కడొక చుక్క పడుతుంది.

మొదటిరోజు తగువు ఒకే ఒక్క చుక్క గురించి. అతని తూకంలో ఆ గెలాక్సీ బ్రహ్మాండమైనది. ఆమె రుచిలో ఉత్త చప్పిడిది. మిగతా చుక్కలన్నీ బుద్ధిగా వరసలో పైకెక్కుతుంటే అదొక్కటే ఎక్కడో కింద, పెళ్ళిలో అలిగి వెనక బెంచీలో కూర్చున్న బావగారిలా ఉంది.

ఆ చుక్క సంగతి తేలలేదు కానీ, తగువు మాత్రం మెల్లగా అలవాటైపోయింది. వానలు మొదలయ్యేసరికి అది లేకపోతే ఇద్దరికీ పొద్దు గడవని స్థితికి వచ్చింది. లుఖాన్యో దగ్గర గొడుగు లేదు. లిందెల్వా దగ్గర ఒక కమ్మీ విరిగిన గొడుగు ఉంది. సాయంత్రం మౌబ్రే టాక్సీ స్టాండుదాకా ఇద్దరూ దాని కిందే నడిచేవారు. అక్కడి వాన నిలువుగా కాక అడ్డంగా కొడుతుంది కాబట్టి ఎవరి భుజం తడవాలన్న దానిమీద కూడా వాదన జరిగేది. చివరికి ఎప్పుడూ అతని భుజమే తడిసేది. టీ గదిలో రస్కులు అయిపోకముందే ఆమె కోసం ఒకటి తీసి పక్కన పెట్టేవాడు. పనిలో ఉండగా ఆమె తలెత్తితే, అప్పటిదాకా తననే చూస్తున్న కళ్ళు గబుక్కున కంప్యూటరు తెరమీదికి వెళ్ళిపోయేవి. ఒక్కోసారి ఆ తెర ఆరిపోయి ఉండేది.

ఇంత జరుగుతున్నా అతను అడగాల్సిన మాట ఒక్కటి అడగలేదు.

ఇద్దరూ ఖోసా తెగవాళ్ళే. ఖోసా వాళ్ళలో ఇంటిపేరు కాక ప్రతివాళ్ళకీ ఒక వంశం పేరుంటుంది, మన గోత్రం లాగ. ఒకే వంశం వాళ్ళు ఎంత దూరాన పుట్టినా అన్నాచెల్లెళ్ళే. అందుకని పిల్లవాడికి పిల్ల నచ్చితే మొట్టమొదట అడిగేది ఆ పేరే. నీ వంశం ఏమిటి అని అడిగాడంటే మనసు చెప్పేసినట్టే లెక్క. లిందెల్వా ఆ ప్రశ్న కోసం ఎదురుచూస్తోంది. అతనిది భేలే వంశమని ఆమెకు మొదటి వారంలోనే తెలుసు, ఎందుకంటే టీ గది చూసే నొసిపో అత్త అతన్ని ఆ పేరుతోనే పిలిచేది. ఆమెది ద్లోమో వంశం. ఆమెను మాత్రం వేధశాలలో అందరూ ఒట్టి లిందీ అనే పిలుస్తారు. భేలేలకీ మనకీ ఏమైనా చుట్టరికం ఉందా అని ఒక ఆదివారం మాటల మధ్యలో మామ్మను అడిగింది. లేదంది మామ్మ. అని ఊరుకోకుండా, పిల్లవాడు పొడుగా అని అడిగింది.

వంశం పేరుతో పిలవడంలో గౌరవం ఉంది, అంతకు మించి ముద్దు ఉంది. నొసిపో అత్త వయసువాళ్ళు ఎవరినైనా అలా పిలవొచ్చు. పెళ్ళికాని పిల్ల ఒక కుర్రవాణ్ణి అలా పిలిస్తే ఊరందరికీ అర్థమైపోతుంది. లిందెల్వాకేమో ఆ పేరు అనాలని ఉంది. చివరికి ఒక ఉపాయం చేసింది. ఆమె తన గెలాక్సీలకు ముద్దుపేర్లు పెట్టుకునేది, జాబితాలోని బారెడు బారెడు అంకెలు గుర్తుండవని. ఒకటి నిద్రమొహం, ఒకటి పెద్దాయన. వెనక బెంచీలో కూర్చున్న ఆ మొండిదానికి భేలే అని పేరు పెట్టింది. లుఖాన్యో దగ్గర మాత్రం జాగ్రత్తగా అంకెలే చెప్పేది. ఫూరీ మేడంకి ఆ పేరు తెలుసు కానీ, ఆవిడ ఆఫ్రికాన్స్ భాష మాట్లాడే ఇంట్లో పుట్టిన మనిషి కనుక అదేదో ఖోసా మాట అనుకుని వదిలేసింది.

కొంప ముంచింది ఆ పేరే.

పేపరు పంపాల్సిన గడువు దగ్గరపడింది. ఒకరోజు ఫూరీ మేడం ఇంటినుంచి ఫోన్ చేసి, వరసలో లేని ఆ ఒక్కదాన్నీ తీసేస్తే హాయిగా ఉంటుంది కదా అంది. లిందెల్వాకు ఒళ్ళు మండింది.

"భేలేని బయటికి పంపేస్తానంటే నేనొప్పుకోను మేడం. ఎంత మొండిదైనా మా ఇంటి పిల్ల. వాళ్ళ వంశమే అంత, ఓ పట్టాన లొంగరు."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగింది. గుమ్మంలో లుఖాన్యో నిలబడి ఉన్నాడు. రెండు చేతుల్లో రెండు టీ కప్పులున్నాయి. మొహంలో నెత్తురుచుక్క లేదు. ఒక కప్పు ఆమె బల్లమీద పెట్టి, రెండోది తాగకుండా అలాగే పట్టుకుని వెళ్ళిపోయాడు.

వినేశాడు. తను అతని పేరు గెలాక్సీకి పెట్టుకుని మురిసిపోతున్న సంగతి తెలిసిపోయింది. లిందెల్వాకు భూమి చీలిపోతే బాగుండుననిపించింది. ఆ వెంటనే, పోనీలే, తెలిస్తే తెలిసింది, ఇప్పుడైనా అడుగుతాడేమో అని ఒక ఆశ కూడా పుట్టింది.

మర్నాడు అతను వచ్చాడు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"నీకే కష్టమొచ్చినా నాకు చెప్పు చెల్లాయ్. నాకు అక్కచెల్లెళ్ళు లేరు. ఇకనుంచి నువ్వే మా ఇంటి ఆడపడుచువి" అన్నాడు.

అదీ అతని జవాబు. నొప్పి తెలియకుండా, మర్యాదగా కాదన్నాడని లిందెల్వా అనుకుంది. ఇంటికి వెళ్ళి దిండులో మొహం పెట్టుకుని ఏడ్చింది. మామ్మ అడిగితే గాలికి కళ్ళు మండుతున్నాయంది. ఎందుకిలా చేశావని అతన్ని అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. మూసేసిన తలుపు దగ్గరికి మళ్ళీ ఎవరు వెళతారు.

అన్నగారు మాత్రం పని చాలా శ్రద్ధగా మొదలుపెట్టాడు. కంప్యూటర్ల గదిలోని కుర్రాడొకడు లిందెల్వాను కాఫీకి పిలిస్తే, వాణ్ణి పక్కకు తీసుకెళ్ళి ఇల్లెక్కడ, జీతమెంత అని ఆరా తీశాడు. వాడు మళ్ళీ ఆ వరండాలో కనబడలేదు. టాక్సీ స్టాండులో డ్రైవర్లకు చెల్లెల్ని జాగ్రత్తగా దించమని అప్పగింతలు పెట్టాడు. తనకోసం కొత్త గొడుగు కొనుక్కుని, రెండడుగుల దూరంలో నడవడం మొదలుపెట్టాడు. లిందెల్వా తన కమ్మీ విరిగిన గొడుగు కింద ఒక్కతే నడిచేది. అతని కళ్ళ కింద నలుపు ఎందుకొచ్చిందో మాత్రం ఆమె ఆలోచించలేదు.

మనిషి ఎలాగూ దక్కలేదు, గెలాక్సీనైనా వదులుకోనని పట్టుబట్టింది. ఆక్సిజన్ గీతలతో ఒక చిక్కుంది. ఉప్పు బాగా తక్కువైనా అవి మసకబారతాయి, బాగా ఎక్కువైనా మసకబారతాయి. ఒకే గుర్తుకు రెండు అర్థాలు. ఏది నిజమో నైట్రోజన్ గీత చూస్తే తెలిసిపోతుంది. మిగతా గెలాక్సీలన్నిటికీ ఆమె అది చూసింది. ఈ భేలే మరీ దూరపుది కావడంతో ఆ గీత ఎరుపును కూడా దాటి వేరే పరికరానికి మాత్రమే దొరికే చోటికి జారిపోయింది. మసకగా ఉంది కనుక తక్కువేనని ఆమె మొదటిరోజే తీర్మానించేసుకుంది. ఇప్పుడు కారూ ఎడారిలోని సదర్లాండ్ కొండమీద ఉన్న పెద్ద టెలిస్కోపుకు, దాని నైట్రోజన్ గీత పట్టి పంపమని అర్జీ పెట్టింది. ఈ రోజుల్లో అక్కడికి ఎవరూ వెళ్ళరు. కొండమీది వాళ్ళే చూసి పంపుతారు, పొద్దున్నే మెయిల్లో వస్తుంది.

ఒక శుక్రవారం పొద్దున వచ్చింది. లిందెల్వా తెరిచి చూసింది. నైట్రోజన్ గీత కొబ్బరిచెట్టంత ఎత్తున నిలబడి ఉంది. భేలే చప్పిడిది కానే కాదు. ఒంటినిండా ఉప్పే. దాని చోటు వెనక బెంచీ కాదు, వరసలో అందరికంటే పైన. బరువూ సరిగ్గానే ఉంది, మొదటిరోజు అతను చెప్పినట్టే. తప్పంతా తనది. ఆమెకు నవ్వొచ్చింది, కొంచెం సిగ్గూ వేసింది. ఫూరీ మేడం గదికి వెళ్ళి ఒప్పేసుకుంది. ఆవిడ ఆ పటాన్ని కళ్ళజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూసి, జరిమానాగా ఈసారి రస్కులు నువ్వే తేవాలంది.

పదకొండింటికి టీ గదిలోకి వెళితే లుఖాన్యో కొత్త మనిషితో కూర్చుని ఉన్నాడు. పేరు ఫుమ్లానీ, తన చిన్ననాటి స్నేహితుడని, లాంగాలో లెక్కల మాస్టారని చెప్పాడు. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెవుల వెనక దాకా తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. సంగతేమిటో లిందెల్వాకు అర్థమైంది. అన్నగారు సంబంధం తెచ్చాడు. కప్పు విసిరేయాలన్నంత కోపం వచ్చినా ఎదుటివాడి తప్పేమీ లేదని కూర్చుంది.

ఫుమ్లానీ వానల గురించి కాసేపు, బడిపిల్లల గురించి కాసేపు మాట్లాడాడు. తర్వాత మర్యాదగా ముందుకు వంగి అడిగాడు.

"మీ వంశం ఏదో తెలుసుకోవచ్చాండీ?"

"చెప్పాను కదరా" అన్నాడు లుఖాన్యో టీలోకి చూస్తూ. "మా వాళ్ళే. భేలే."

"ఎవరు భేలే?" అంది లిందెల్వా.

"నువ్వు."

"నేను ద్లోమోని."

లుఖాన్యో చేతిలోని రస్కు టీలో పడి మునిగిపోయింది. అతను దాన్ని చూసుకోలేదు.

"నువ్వే అన్నావు కదా. ఆ రోజు ఫోన్లో. భేలే మా ఇంటి పిల్ల, మా వంశమే అంత అని."

"వాళ్ళ వంశమే అంత అన్నాను."

లెక్కల మాస్టారు ఒకసారి అతన్ని, ఒకసారి ఆమెను చూశాడు. చూసి, శుభ్రంగా ఉన్న తన కప్పు తీసుకుని కడుక్కోవడానికి వెళ్ళాడు. కుళాయి దగ్గర చాలాసేపు ఉండిపోయాడు.

లిందెల్వా కప్పు కింద పెట్టింది. అంటే ఆ రోజు ఇతనికి ఏమీ తెలియలేదు. తెలిసీ కాదనడం కాదు. తనను నిజంగానే చెల్లెలనుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ మొహం అందుకే అలా ఉంది.

"ఒక్క ముక్క అడగొచ్చు కదా" అంది.

"అడుగుదామనే ఆ రోజు టీ పట్టుకొచ్చాను. ఎన్నాళ్ళ నుంచో ధైర్యం కూడగట్టుకుంటే ఆ రోజుకి సరిపోయింది. గుమ్మంలోకి వచ్చేసరికి జవాబే వినబడింది."

"విని తీర్మానించేశావు. ఇంకో గీత చూడాలని కూడా అనిపించలేదు."

"పొద్దున వచ్చిన మెయిలు నాకూ వచ్చింది" అన్నాడు లుఖాన్యో. "నువ్వు చూశావా ఏం మొదటిరోజు, ఇంకో గీత?"

లిందెల్వా మూతి బిగించుకుని కూర్చుందామనుకుంది కానీ నవ్వు ఆగలేదు. అతనూ నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వినట్టు, సరిగ్గా రాక మధ్యలో ఆగి మళ్ళీ నవ్వాడు.

"మరి భేలే ఎవరు?" అని అడిగాడు.

ఇక తప్పదు. లిందెల్వా బల్లమీది చక్కెర డబ్బాకేసి చూస్తూ చెప్పింది.

"ఆ గెలాక్సీయే. నేను పెట్టుకున్న పేరు."

"దానికా పేరెందుకు?"

"నిన్ను అలా పిలవలేక. దానికి పెట్టుకుంటే రోజంతా అనుకోవచ్చు కదా, ఎవరూ అడగరు."

బయట వాన మళ్ళీ అందుకుంది. కిటికీ సందులోంచి నీళ్ళు లోపలికి చిమ్ముతున్నా ఎవరూ లేచి మూయలేదు.

"లిందెల్వా" అన్నాడు మెల్లగా. "నీ వంశం ఏమిటి?"

"ఇప్పుడేగా చెప్పాను."

"అప్పుడు అడిగింది ఫుమ్లానీ. ఇప్పుడు నేను అడుగుతున్నాను."

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెప్పింది. నాన్నది ద్లోమో అంది. అమ్మ పుట్టింటిది, మామ్మ పుట్టింటిది, అమ్మమ్మ పుట్టింటిది కూడా ఒక్కొక్కటే చెప్పింది, ఎందుకంటే పెద్దవాళ్ళు అవన్నీ అడుగుతారు. ఒక్కో పేరు వచ్చినప్పుడల్లా అతను ఊపిరి బిగబట్టాడు. చివరిది కూడా భేలే కాదని తేలాక కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. కుళాయి దగ్గరినుంచి మాస్టారు, ఇక నేను వెళ్ళొచ్చా, మధ్యాహ్నం క్లాసుంది అన్నాడు.

వానలు ఇంకా తగ్గకముందే ఒక శనివారం లుఖాన్యో పెదనాన్న, చిన్నాన్న, ఊరి పెద్ద ఒకాయన పిల్లనడగడానికి తమ ఊరు పెడ్డీ నుంచి బస్సెక్కి లాంగాలో లిందెల్వా ఇంటికి వచ్చారు. పిల్లవాడు వెంట రాకూడదు. లుఖాన్యో రెండు వీధుల అవతల ఫుమ్లానీ ఇంట్లో కూర్చున్నాడు. లిందెల్వా పిన్నుల మధ్య వెనక గదిలో ఉంది, ముందుగదిలోకి అడుగు పెట్టకూడదు. ఆమె ఒళ్ళోని ఫోన్ ఆగకుండా మోగుతూనే ఉంది. ఏమైంది, ఏమైంది, ఏమైంది అని.

ఏమీ కాలేదు. పద్ధతి ప్రకారం పిల్లవాడి తరఫువాళ్ళు గేటు బయట నిలబడాలి. లోపలివాళ్ళు ఎవరొచ్చారో చూడనట్టు ఉండిపోవాలి. అంత తేలిగ్గా పిల్లనిచ్చేస్తామా అని లిందెల్వా బాబాయి కర్టెన్ పక్కకు జరిపి చూస్తూ మహా సంబరపడుతున్నాడు. వాన అడ్డంగా కొడుతోంది. ముగ్గురు పెద్దమనుషులూ టోపీలు నెత్తికి అదిమి పట్టుకుని, కోట్లు ఒంటికి అతుక్కుపోయి, గేటు దగ్గర నిలబడి ఉన్నారు. అందులో చిన్నాన్నగారు తుమ్మడం వెనక గదిలోకి కూడా వినబడింది.

పొయ్యి పక్కన కుర్చీలో కూర్చున్న మామ్మ లేచింది. బాబాయి గాబరాగా అడ్డం వెళ్ళి, ఇంకాసేపు ఆగాలని, వాళ్ళెవరో ఎందుకొచ్చారో కూడా ఇంకా అడగలేదని అన్నాడు.

మామ్మ అతన్ని దాటుకుని వెళ్ళి తలుపు బార్లా తీసింది.

"మనవాళ్ళను వానలో ఎవర్రా నిలబెట్టింది?" అంది.

వెనక గదిలో పిన్నులందరూ ఒక్కసారి గొంతెత్తి పాట అందుకున్నారు. లిందెల్వాకు మనవాళ్ళు అని మామ్మ అన్న ఆ మొదటి మాటే చెవిలో ఉండిపోయింది. అతనికి అదొక్కటే టైపు చేసి పంపింది. అవతలినుంచి ఎంతకీ జవాబు రాలేదు. కాసేపటికి ఫుమ్లానీ దగ్గర్నుంచి వచ్చింది, పెళ్ళికొడుకు ఏడుస్తున్నాడు, మాట్లాడే స్థితిలో లేడు అని.